టేపులోంచి నేను తీసేసిన మూలుగులు

ఆ ఆదివారం మధ్యాహ్నం అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి బేస్‌మెంట్‌లో ఉన్నవి: ఒక క్యాసెట్, నా లాప్‌టాప్, రెండు స్పీకర్లు, మూత విరిగిన క్లారినెట్ పెట్టె. ఉన్నవాళ్లు: ఎనభై నాలుగేళ్ల పక్కింటి పెద్దాయన, ఆయన భార్య, నేను.

క్యాసెట్‌లో ఉన్నది క్లెజ్మర్. యిడ్డిష్ భాష మాట్లాడే తూర్పు యూరప్ యూదులు పెళ్లిళ్లలో వాయించే సంగీతం. క్లారినెట్ మీద వాయించింది పెద్దాయన తండ్రి. ఆ తండ్రి వాయించినవాటిలో మిగిలిన రికార్డింగ్ ఇదొక్కటే. పెద్దాయన ఊపిరి చాలక వాయించడం మానేశారు. వేరే ఊళ్లో ఉన్న మనవరాలు నేర్చుకుంటానంది. ఆమెకు పంపడానికి శుభ్రమైన ఫైల్ చేసిపెట్టమని నన్ను అడిగారు. నా ఉద్యోగమే ఆడియో సాఫ్ట్‌వేర్. వారంలో ముగించాను.

ప్లే చేశాను. గరగర ఎక్కడా లేదు. ఆయన చివరిదాకా విన్నారు.

"ఇది మా నాన్న కాదు."

"అదే టేపండి."

"స్వరాలన్నీ ఉన్నాయి. యిడ్డిష్ లేదు."

ఆయన భార్య నవ్వారు. "ఇల్లు ఊడవమంటే ఇంజినీరు మనుషుల్ని కూడా ఊడ్చేశాడు."

ఒరిజినల్ ఫైల్ పెట్టాను. స్వరం చివర గొంతు పూడుకున్నట్టు చిన్న మూలుగు. వాళ్లు దాన్ని క్రెఖ్ట్స్ అంటారు. ఫిల్టర్ దాన్ని లోపం కింద తీసేసింది. ఆ సెట్టింగ్ పెట్టింది నేనే.

తండ్రి తనకు ఏ వరుస నేర్పినా ముందు దాన్ని యిడ్డిష్ వాక్యంగా పలికేవాడట. వాక్యంలో గొంతు ఎక్కడ విరిగితే క్లారినెట్ కూడా అక్కడే విరగాలి. మనవరాలికి యిడ్డిష్ రాదు.

"ఆ వాక్యాలు నాతోనే పోతే పిల్లకి వేళ్ల కదలిక మాత్రమే మిగులుతుంది," అన్నారు పెద్దాయన.

పని మార్చాం. ప్రతి మూలుగు దగ్గర ఆపి గుర్తు పెట్టాను. ఆ చోటి వాక్యం ఆయన చెప్తే రికార్డ్ చేశాను, అర్థం రాసుకున్నాను. మొదట్లో వెంటవెంటనే చెప్పారు. "ఏడవకు తల్లీ, బండి కట్టేశారు." "సూప్ చల్లారిపోతోంది, పెళ్లికొడుకేడీ?" దానికి ఆయనే నవ్వుకున్నారు. రెండో ఆదివారం నుంచి ఆగడం ఎక్కువైంది. ఒకచోట తొమ్మిదిసార్లు వినిపించాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. భార్య ఆయన చేయి పట్టుకుని, "చాల్లే, వదిలెయ్," అన్నారు.

"ఇంకొక్కసారి," అన్నారాయన నాతో.

పదోసారి కూడా రాలేదు.

నాలుగు ఆదివారాలు పట్టింది. గరగరతో సహా అసలు ఫైల్‌నే మనవరాలికి పంపాం, వాక్యాలు జతచేసి. దొరకని చోట్ల గుర్తు ఉంచి పక్కన ఖాళీ వదిలాను.

గుర్తులు నలభై మూడు. వాక్యాలు ఇరవై తొమ్మిది.