ఆగెహె అన్నాను, ఆగే అని చెప్పాను

మా అక్క భర్తని మా చుట్టాలందరూ ఆరేళ్లుగా 'ఆగే బావ' అని పిలుస్తున్నారు. ఒడ్డున చేపల వేలంపాట దగ్గరికి వచ్చే బేరగాళ్లకి కూడా ఆ పేరు తెలుసు. మంచుకొండల మీద స్కీ పందెంలో, ముందుకి పొమ్మంటే వినపడక ఆగిపోయాడని ఆ పేరు. ఈ కథని మొదట చెప్పింది నేను. అది నిజం కాదు. జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. మా నాన్న, ఆయన అన్నదమ్ములు వేటకి వెళ్లినవాళ్లు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ కెరటం చూస్తే భయం. ఐటీఐ చదివి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చేశాను. కొలిమి దగ్గర నాకు భయం లేదు. అక్కడ కాళ్ల కింద నేల కదలదు.

మా బావ దీనికి పూర్తిగా వేరు. ఆయన పడవలో ఇంజను పట్టేవాడు. ముందు నిలబడి వల చూసేవాడు 'ఆగు' అంటే ఆపాలి, 'పోనీ' అంటే పోనివ్వాలి. ఆ గాలిలో, ఆ ఇంజను మోతలో మాట సరిగ్గా వినాలి. వినకపోతే వల వెళ్లి నీళ్లలో తిరిగే ఇంజను పంకాలో చుట్టుకుంటుంది. నీళ్లలో మనిషి ఉంటే ఆ మనిషే చుట్టుకుంటాడు. మా బావ చెవి గురించి ఒడ్డున ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

నలభై ఏడో ఏట నాకు ఒక బుద్ధి పుట్టింది. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒకాయన ఉత్తరాఖండ్ వెళ్లి పదిరోజుల స్కీ శిక్షణ తీసుకుని వచ్చాడు. ఫోటోలు చూపించి, 'వయసుతో పని లేదు, భయం పోతుంది' అన్నాడు. భయం పోతుందన్న మాటే నన్ను పట్టుకుంది. పేరు ఇచ్చేశాక నిద్ర పట్టలేదు. మా బావకి చెప్పాను.

"మంచు మీద జారడమేటి, ఇసక మీద పడవ లాగడంకంటే కష్టమేటి? నానూ వస్తాను పద," అన్నాడు. "నువ్వు ఒక్కడివే ఎల్తే మజ్జిదారిలో దిగిపోయి ఎనక్కొచ్చెస్తావు. నాకు నీ సంగతి తెల్దేటి?"

ఆమదాలవలసలో రైలెక్కాం. అక్క పెట్టిన ఎండుచేపల వాసనకి పక్క బెర్తుల వాళ్లు ముక్కులు మూసుకుంటే, మా బావ వాళ్లకి కూడా పెట్టి తినిపించాడు.

మంచు మీద మొదటి రోజు నేను ఎలా ఉన్నానో చెప్పాలి. అద్దె బూట్లు ఎవరి కాళ్లకో సరిపోయినవి. ఇనుప డబ్బాలో కాలు పెట్టి గట్టిగా మూసినట్టు ఉండేవి. వాటికి కింద మనిషంత పొడుగు పలకలు. నిలబడితే చాలు, నేను చెప్పకుండానే కాళ్లు వెళ్లిపోయేవి. వాలు అంచున నిలబడి కిందికి చూస్తే మొదటి నాలుగు గజాలే కనిపించేవి, ఆ తరవాత తెల్లటి ఖాళీ. ఆ ఖాళీలోకి నా కాళ్లు నన్ను తీసుకెళ్లబోతున్నాయని తెలిసి వెనక్కి అడుగు వెయ్యబోయి పడేవాణ్ణి. ముందు కొసలు దగ్గరికి, వెనక మడమలు దూరంగా పెట్టి నాగలిలా మంచుని గీరుతూ దిగడం ఒక్కటే నాకు వచ్చింది. పదిరోజులూ అలాగే దిగాను.

అక్కడ నేర్పేవాళ్లని ఉస్తాద్ అంటారు. మా ఉస్తాద్‌కి హిందీ తప్ప రాదు. మొదటి రోజు మా బావ బయలుదేరగానే ఆయన 'ఆగే! ఆగే!' అని అరిచాడు. హిందీలో ఆగే అంటే ముందుకి, ముందుకి చూడు అని. మా బావ ఉన్నచోట కూలబడిపోయాడు.

"ఏటి బావా, ఏటయ్యింది?" అన్నాను.

"ఆగమన్నాడు కదేటి! ఇన్నావు కదా?"

మా వైపు విసుక్కుంటూ ఎవరినైనా ఆపాలంటే 'ఆగెహె' అంటాం. ఆయన 'ఆగే' మాకు మా 'ఆగెహె'లాగే వినిపించింది. నేను ఉస్తాద్‌కి వచ్చీరాని హిందీలో చెప్పాను. శిబిరం అంతా నవ్వింది. ఆ రాత్రి భోజనాల దగ్గర పుణె నుంచి వచ్చిన స్కూలు టీచరమ్మ కూడా మా బావకి గిన్నె అందిస్తూ, 'ఆగే' అని ఆటపట్టించి నవ్వింది. మూడో రోజుకల్లా మా బావకి ఆ మాట బాగా తెలిసిపోయింది. అది వినగానే వంగి మరింత జోరుగా దిగేవాడు.

ఆఖరి రోజు పందెం. సరదా పందెమే, కానీ నియమాలు ఉన్నాయి. వాలు మీద జెండాలు కట్టిన కర్రలు జంటలుగా పాతారు, వాటిని గేట్లు అంటారు. అన్ని గేట్ల మధ్య నుంచీ దిగాలి. రెండుసార్లు దిగాలి, రెండు సమయాలూ కలుపుతారు. తమ వంతు రానివాళ్లు గేటుకొకరు కాపలా ఉండాలి. కాపలా ఉన్నవాళ్లు నోరు మెదపకూడదు. కింద ఎవరైనా పడి ఉంటేనే కేక వేసి ఆపాలి. ఎవరి తప్పువల్లైనా నీ దారి చెడితే నీకు మళ్లీ దిగే హక్కు ఉంటుంది. నలభై అయిదు దాటినవాళ్లకి వేరే పతకం. అలాంటివాళ్లం ఇద్దరమే, నేనూ మా బావా.

ఎవరు ముందు దిగాలో చీటీలు తీశారు. ముందు దిగేవాళ్లకి మంచు నున్నగా ఉంటుంది. తరవాతి వాళ్లు వచ్చేసరికి ముందువాళ్ల పలకలకి మంచు కోసుకుపోయి గాళ్లు పడిపోతాయి, పలక వాటిలో ఇరుక్కుని తిప్పేస్తుంది. మొదటిసారికి మా బావకి రెండో చీటీ వచ్చింది, నాకు పదిహేనోది. నా మొహం చూసి తన చీటీ నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో, నువ్వు ముందెల్లిపో. గాళ్లు సూస్తే నీ పేనం అక్కడే పోతాది."

ఉస్తాద్ ఒప్పుకున్నాడు. నున్నటి మంచు మీద గీరుకుంటూ నేను దిగాను. గాళ్లు పడిన మంచు మీద దిగి కూడా మా బావ నాకంటే నాలుగు సెకన్లు ముందు ఉన్నాడు.

రెండోసారి ఆఖరి చీటీ నాది. నా వంతు వచ్చేదాకా నన్ను అయిదో గేటు దగ్గర నిలబెట్టారు. అన్నిటికంటే నిటారుగా ఉన్నది అక్కడే. అప్పటికే ఆ మలుపులో మోకాలి లోతు గాడి పడింది, అడుగున మంచు గాజులా నీలంగా మెరుస్తోంది. నా కళ్లముందే ఇద్దరు అక్కడ పడి దొర్లారు. కాసేపట్లో నేను ఇక్కడికి రావాలి. ఆ నాలుగు సెకన్లు పూడ్చి మా బావని దాటాలంటే ఇక్కడ గీరకూడదు, కాళ్లని వదిలెయ్యాలి. వెళ్లేముందు ఫ్యాక్టరీలో అందరికీ పతకం తెస్తానని చెప్పి ఉన్నాను.

అప్పుడు మా బావ పైనుంచి వస్తూ కనిపించాడు. ఆయన వస్తుంటే అందంగా ఉంది. మోకాళ్లు వంచి, కెరటం మీద పడవ పట్టుకున్నట్టు వస్తున్నాడు. ఆయన ఇలాగే దిగిపోతే నేను కాళ్లు వదిలెయ్యాలి. ఆయన ఆగిపోతే నేను మెల్లగా గీరుకుంటూ దిగినా చాలు. కింద ఎవరూ పడి లేరు. దారి ఖాళీగా ఉంది.

"బావా, ఆగెహె! ఆగెహె!" అని అరిచాను.

ఆయన ఒక్కసారిగా పలకలు అడ్డం తిప్పి మలుపు నడిమధ్య ఆగిపోయాడు. ఎవరో పడి ఉన్నారనుకుని కింద వెతుకుతున్నాడు. అంతలో పైనుంచి పలకల చప్పుడు వినిపించింది. ఆయన తరవాత పైనుంచి బయలుదేరిన టీచరమ్మ అప్పటికే నాలుగో గేటు దాటింది. ఆ గాడిలో పలకలు పక్కకి తిప్పడానికి ఆమెకి వీల్లేదు. అప్పుడు ఆపాల్సింది ఆమెని, ఆ కేక నేను వెయ్యలేదు. ఆమె కేక పెట్టి తనంతట తానే పక్కకి పడిపోయింది. ఆమె పలక ఊడి మా బావ మెడ పక్కనుంచి జానెడు దూరంలో వెళ్లిపోయింది. దాని అంచు కత్తిలా ఉంటుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. టీచరమ్మ మంచులో కూర్చుని ఏడ్చింది. ఉస్తాద్ పరుగున ఎక్కివచ్చి మా బావని ఎందుకు ఆగావని అడిగాడు. మా బావ నన్ను చూపించాడు. ఉస్తాద్ నావైపు తిరిగాడు. నువ్వు ఆపావా? ఆపితే ఆయనకి మళ్లీ దిగే హక్కు ఉంది, చెప్పు అన్నాడు.

ఆపానంటే ఎందుకు ఆపానో చెప్పాలి. మెడ పక్కనుంచి వెళ్లిన ఆ పలక నా నెత్తిమీదికి వస్తుంది. ఆ భయంలో నోటికి దొరికిన అబద్ధం ఆడేశాను.

"నేను ఆగే అన్నాను, ఉస్తాద్. ముందుకి పొమ్మని."

అందరూ నవ్వారు. మొదటి రోజు సంగతి అందరికీ గుర్తుంది. ఏడుస్తున్న టీచరమ్మ కూడా నవ్వింది. మా బావ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అనుమానం కూడా లేదు. చేతి తొడుగుతో తన చెవి మీద తానే ఒకటి కొట్టుకున్నాడు.

"నానే తప్పు యిన్నాను. సెవిలో మంచెట్టుకున్నానేటో," అన్నాడు.

దారి చెడినందుకు టీచరమ్మకి మళ్లీ దిగే అవకాశం ఇచ్చారు. అడ్డం నిలబడినవాడు కాబట్టి మా బావకి ఇవ్వలేదు. కాపలాలో నోరు మెదిపినందుకు నన్ను ఒక మాట అని వదిలేశారు. నేను నాగలిలా గీరుకుంటూ, పిల్లలకంటే నెమ్మదిగా దిగి, పతకం మెడలో వేసుకున్నాను. గరివిడిలో స్నేహితులు నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టించారు. అందరికీ ఆ ఆగే కథ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎక్కువమంది నవ్వితే అది అంత నిజమైనట్టు అనిపించేది.

మొన్న రాజాంలో మా బంధువులు బట్టల షాపు తెరిచారు. భోజనాల దగ్గర వరసకి బావమరిది అయ్యేవాడొకడు మా బావని పట్టుకున్నాడు.

"ఏటి ఆగే బావా! బోయనానికి ఆగుతావా, ఆగేకి ఎల్లిపోతావా?"

"పెరుగు ఎయ్యకుండా పొమ్మంటే నాకు ఇనబడదురా," అన్నాడు మా బావ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

చేతులు కడుక్కునే దగ్గర మా అక్క నాతో మెల్లగా అంది. "ఆయన నవ్వుతాడు గాని, లోపల నవ్వు నేదురా. ఇంజను ముట్టుకుని ఆరేళ్లయ్యింది."

"వయసయ్యిందని మానేశాడనుకున్నాను అప్పా."

"వయసేటి! ఆ మంచులోన మాట తప్పు యిన్నానని. సముద్రంలోన ఆగు అంటే పోనీ అని ఇనిపిస్తే మనిసి సచ్చిపోతాడు, నా సెవిని నాను నమ్మను అని ఒగ్గేసాడు. పడవ ఇంకొకడికి ఇచ్చి ఒడ్డున మంచుగడ్డలు కొట్టుకుని కూకుంటన్నాడు. డాట్టరు దగ్గరికి పద అంటే, సెవుడని సెప్తే ఏటి సెయ్యాలని బయం ఆయనకి. ఆయనకి బయం! నువ్వు నమ్ముతావేటి?"

భయం అంటే తెలియని మనిషికి నేను నా భయాన్ని అంటించాను. ఆరేళ్లూ అది ఆయన దగ్గరే ఉంది.

నాలుగు రోజులు ఆలోచించాను. ఆదివారం ఉదయం బస్సెక్కి ఒడ్డుకి వెళ్లాను. ఇసకలో నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగాను. మా బావ షెడ్డులో పెట్టెల్లోకి మంచుగడ్డలు కొట్టి పోస్తున్నాడు. ఎదురుగా ఒక పెట్టె మీద కూర్చుని, తలెత్తకుండా మొత్తం చెప్పేశాను. ఎవరూ పడి లేరని, దారి ఖాళీగా ఉందని, ఆగమనే అరిచానని, ఆ తరవాత మాట మార్చానని.

ఆయన చేతిలోని సుత్తి ఆగింది. కొడతాడనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనుకున్నాను.

"అయితే నాను సరిగ్గానే యిన్నాను," అన్నాడు.

"సరిగ్గానే విన్నావు బావా."

"సెవి బాగానే ఉన్నాది."

"ఉంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చూసి నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"ఆ టీచరమ్మ పలక నా పీక పక్కనుంచి ఎల్లింది. దానికి నీ మీద నాకు కోపం నేదురా. బయంలోన మనిసి ఏటైనా సేస్తాడు. మరి ఆరేళ్లు? ఆరేళ్లు నీకు ఏటి బయం?"

క్షమించమన్నాను.

"నాకు సెప్పి ఏటి నాబం? నవ్వినోళ్లందరికీ సెప్పు. నోటితో సెప్తే మల్లీ నీకు కావలిసినట్టు మార్సెస్తావు. కాయితం మీద రాయి. అందరూ సదివేలాగ రాయి. అంతవరకు మా గుమ్మం తొక్కకు."

అక్క గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మొత్తం విన్నది. గ్లాసు నాకు ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు వెనకనుంచి ఎవరో పడవ ఇంజను అందించబోతే, అది అందుకుని మళ్లీ ఆగిపోతున్న చప్పుడు వినిపించింది. మా బావో ఇంకెవరో తెలియదు, తిరిగి చూసే ధైర్యం చాల్లేదు. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఇది చదివినవాళ్లు మా బావని ఇంకెప్పుడూ ఆ పేరుతో పిలవవద్దు. పిలవాలనిపిస్తే నన్ను పిలవండి. ఆయన గుమ్మం నేను ఇంకా తొక్కలేదు.