పాటల లేని పేరు

ఇయ్యాల పొద్దుమూకంగ అవ్వను తోల్కొని లక్సెట్టిపేట పంచాయతీ రేడియో కాడికి పోయిన. మద్రాసుల ఏటేటా సినిమా పాటలకు బహుమతులిస్తరు గదా, గా సభ వినిపిస్తమన్నరు. ఈయేడు మొదటి బహుమతి ఓ నాట్ల పాటకు వచ్చింది. పాట మొదలుకాంగనే అవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. అది అవ్వ చెల్లె, మా చిన్నవ్వ, కట్టిన పాట. ఆమె పోయి పదేండ్లాయె.

మా దిక్కు పాట కట్టినోళ్లు ఆఖరి చరణంల తమ పేరు పెట్టుకుంటరు. అవ్వ గా చరణం కోసమే ఊపిరి బిగవట్టి కూసున్నది. అది రాకముందే పాట ఒడిసింది, చప్పట్లు మోగినయి. ఎవరో ఒకాయన "నేనే రాసిన" అని దండాలు పెట్టుకుంట మాట్లాడిండు.

"ఆఖరుది పాడలేదేంది బిడ్డా?"

"తీసేసిండ్రే అవ్వా. బహుమతి, శాలువా గూడ ఆయనకే ఇచ్చిండ్రు."

"బహుమతి ఎవలకిస్తే నాకేంది? రేడియోల ఒక్కసారి దాని పేరు ఇనవడ్తదనుకున్న."



శాలువా ఆయన్నే కప్పుకోనియ్యుండ్రి, చలికాలమాయె. మీరు మాత్రం నాట్లల్ల గా పాట పాడితే ఆఖరికి జర మా చిన్నవ్వ పేరొక్కటి కలుపుండ్రి.

లచ్చవ్వ.