పట్టుపురుగుల ఆకలి

నా చిన్నప్పుడు, అంటే మా పల్లె నుంచి చింతామణిలో హైస్కూలుకు పోతున్న రోజుల్లో, నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఒక ఇనుప రాడ్డు. ఈ మాట చెబితే మా అమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది. స్కూలు వెనక రేకుల షెడ్డులో మా పీటీ మేష్ట్రు ఎవరెవరినో బతిమాలి తెచ్చిపెట్టిన రాడ్డూ, బరువు బిళ్ళలూ ఉండేవి. సాయంత్రం బెల్లు కొట్టగానే నా కాళ్ళు అటే పోయేవి. రాడ్డును నేల మీది నుంచి లాగి, భుజాలకు తెచ్చుకుని, ఒక్క ఊపున తల పైకి ఎత్తి నిలబడినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు. చిక్కబళ్ళాపురం అప్పుడప్పుడే జిల్లా అయింది. అక్కడ జరిగే జిల్లా పోటీలకు నా పేరు పంపుతానని మేష్ట్రు అన్న రోజు నేను ఊరంతా చెప్పుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కడుపునొప్పి వచ్చింది. చింతామణిలో డాక్టరమ్మ చూసి అపెండిక్స్ అంది, ఆ రోజే ఆపరేషన్ చేసింది. చిన్న ఆపరేషనే, భయపడాల్సిందేమీ లేదని చెప్పింది. ఒక నెల బరువులు ముట్టుకోకూడదనీ, తర్వాత కొంచెం కొంచెంగా మొదలుపెట్టి మునుపటిలాగే ఎత్తుకోవచ్చనీ చెప్పి పంపింది. కొంచెం అంటే ఎంతో మేమెవరమూ అడగలేదు.

ఇంటికి వచ్చాక మా వాళ్ళ ప్రేమ మొదలైంది. మా అవ్వ నా కడుపు చుట్టూ పాత చీర ముక్క కట్టి, చెంబు కూడా ఎత్తనివ్వలేదు. బరువులెత్తబట్టే పేగు మెలికపడిందని ఆమె తీర్పు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఆ డాక్టరమ్మకు ఏం తెలుసని కొట్టిపారేసింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ బ్రెడ్డుతో పాటు ఒక కథ కూడా తెచ్చేవాళ్ళు. బట్లహళ్ళి వైపు ఎవరికో బిందె ఎత్తుతుంటే కుట్లు తెగాయట. ఇంకెవరికో దగ్గితేనే తెగాయట. ఆ కథలన్నీ విని, వాళ్ళు పెట్టిన బ్రెడ్డు తిని, నేను మంచం మీద కడుపు పట్టుకుని పడుకునేదాన్ని.

నెల గడిచింది. కుట్లు ఎప్పుడో తీసేశారు, గాయం మానింది, చారిక మాత్రం మిగిలింది. మానింది గాయమే గాని నేను కాదు. తుమ్ము వస్తే దిండు కడుపుకు అదుముకునేదాన్ని. కొళాయి దగ్గర బిందె ఎత్తబోతే ఒళ్ళంతా చెమట పట్టింది, అమ్మను పిలిచాను. ఒక రోజు ధైర్యం చేసి షెడ్డుకు పోతే, మేష్ట్రు బిళ్ళలేమీ తగిలించకుండా ఉత్త రాడ్డే నా ముందు పెట్టారు. వంగి రెండు చేతులతో పట్టుకున్నాను. చేతులు రాడ్డు మీదే ఉన్నాయి, నేను మాత్రం లేవలేకపోయాను. లోపల ఏదో తెగిపోతుందనే భయం తప్ప నాకింకేమీ గుర్తులేదు. ఆయన మంచివాడు, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చింది. నా బరువులెత్తడం అంతటితో అయిపోయిందని ఆ రోజు ఇంటికి వచ్చే బస్సులో నిజంగానే అనుకున్నాను.

మా పక్కింటి అక్క పట్టుపురుగులు పెంచేది. మా పల్లెలో చాలామందికి అదే బతుకు, పురుగులు కట్టిన పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయేవి. ఒక ఉదయం ఆమె మా ఇంటికి వచ్చి, గుడ్లు పగిలి పిల్ల పురుగులు లేచాయనీ, తోట నుంచి ఆకు తెచ్చేవాళ్ళు లేరనీ, నన్ను పంపమనీ అమ్మను అడిగింది. చెంబు ఎత్తనివ్వని ఆ ఇంట్లో మా అమ్మ వెంటనే సరేనంది. నాకది వింతగా అనిపించింది గాని అడగాలనిపించలేదు. ఆ రోజుల్లో నాకు దేని మీదా ఆసక్తి లేదు.

మొదట నేను తెచ్చింది చిన్న బుట్టెడు లేత మల్బరీ ఆకు. దాన్ని బరువు అనడానికి కూడా లేదు. అక్క ఆ ఆకును సన్నగా తరిగి, చీమలంత పురుగుల మీద చల్లేది. పురుగుల గదిలోకి పోవాలంటే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, గట్టిగా మాట్లాడకూడదు. నాకు ఆ గది నచ్చింది. అక్కడ ఎవరూ నా కడుపు గురించి అడిగేవాళ్ళు కాదు.

కొన్నాళ్ళకు పురుగులు తినడం మానేసి, తలలు పైకెత్తి కదలకుండా ఉండిపోయాయి. చచ్చిపోయాయేమోనని హడలిపోయాను. జ్వరానికి పోయాయని అక్క చెప్పింది. పురుగు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కునే ముందు అలా ఉండిపోవడాన్ని మా వైపు జ్వరం అనే అంటారు. అది నాలుగుసార్లు వస్తుంది. తెలియని కొత్త కోడళ్ళు పాపం ఆకలితో ఉన్నాయని జాలిపడి అప్పుడు కూడా ఆకు వేస్తారు, పంటంతా పాడవుతుంది. ముందు లేచినవి తిని పెరుగుతాయి, లేవనివి ఆకు కింద పడి మగ్గిపోతాయి. అక్క పురుగులున్న తట్టల మీద పొడి సున్నం చల్లి తలుపు దగ్గరికి వేసింది. "జరంలో ఉండేదాన్ని కదిలించకూడదు పాపా. లేసినాక ఊరికే ఉండనీకూడదు. రెండూ తెలిసుండల్ల," అంది. ఆ రోజు నన్ను కూడా ఇంటికి పోయి పడుకోమంది.

జ్వరం నుంచి లేచిన పురుగు ఆకలి చూస్తేనే తెలుస్తుంది. బుట్ట పోయి గంప వచ్చింది. మళ్ళీ జ్వరం, మళ్ళీ నాకు సెలవు, ఆ తర్వాత ఇంకాస్త పెద్ద గంప. పొద్దునా సాయంత్రం తోటకు తిరగడం అలవాటైంది. మా పల్లెల్లో మోపు ఎవరూ ఒంటరిగా తలకెత్తుకోరు. పక్కన ఉన్నవాళ్ళు ఒక చెయ్యి వేస్తారు, దించేటప్పుడూ అంతే. అక్క ప్రతిసారీ చెయ్యి వేసేది. నాకు మెడ మీద బరువు తెలిసేది గాని, ఎత్తిన సంగతి తెలిసేది కాదు. నాలుగో జ్వరం లేచాక పురుగుల ఆకలికి అంతు లేదు. గంపలు చాలక, కొమ్మలతో సహా కోసిన ఆకును దుప్పటిలో మోపు కట్టి తేవలసి వచ్చింది. ఆకు అందుతుందా లేదా అన్న ఆరాటంలో నా కడుపు సంగతి ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు.

ఒక ఉదయం అలాంటి మోపును తెచ్చి, అక్కా నేనూ కలిసి గుమ్మం ముందు దించి, కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాం. అక్క వాళ్ళ అత్త దారికి అడ్డంగా ఉందని మోపును పక్కకు లాగబోయింది. అది కదల్లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. అత్త నడుము పట్టుకుని కోడలి వైపు తిరిగింది.

"కడుపు కోసిన పిల్ల నెత్తిన ఇంత మోపు పెడ్తాండావే, నీకేమన్నా బుద్ధి ఉండాదా? రేపు వాళ్ళమ్మకి ఏం జవాబు చెప్తావు?"

అప్పుడు చూశాను ఆ మోపును. అంతవరకు అది ఆకు, ఇప్పుడు బరువు. ఉన్నచోటనే కూలబడి కడుపు పట్టుకున్నాను. చారిక దగ్గర మంట పుట్టింది. ఇన్నాళ్ళూ నాకు తెలియకుండా లోపల తెగుతూ ఉందేమో, ఇప్పుడు బయటపడుతుందేమో అనుకుంటే ఊపిరి ఆడలేదు. షెడ్డులో పట్టుకున్న భయమే మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది.

అక్క కంగారుపడలేదు. నా పక్కనే నేల మీద కూర్చుంది. మా అమ్మకు అంతా తెలుసనీ, తన పిల్లవాడిని చూపించడానికి చింతామణి పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాకే చిన్న బుట్టతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా బరువు పెంచాననీ చెప్పింది. నాకు ఎంత చెప్పినా భయం పోదని ఆమెకు తెలుసట. ఎలా తెలుసని అడిగాను. ఆమె అత్త వింటూ ఉండగానే చెప్పింది.

రెండో బిడ్డ పుట్టాక ఆమె పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఇంటికి వచ్చేసరికి పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. ఆ వారం అత్తకు ఒంట్లో బాగాలేదు, మగవాళ్ళు పొలంలో ఉన్నారు. ఆకు మోపు తానే ఎత్తుకుంది. కుట్ల దగ్గర తడి తగిలింది. గుడ్డ కట్టుకుని మళ్ళీ పోయింది. పురుగులన్నీ గూళ్ళు కట్టేదాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆస్పత్రికి పోయి మళ్ళీ కుట్టించుకుని, ఇంట్లో జ్వరమని చెప్పిందట.

"అప్పుట్నుంచి ఏది ఎత్తినా భయమే పాపా. ఎన్నో ఏండ్లు భయంతోనే మోసినా. మోస్తాండాను కదాని ఎవురికీ తెలీలే," అంది.

అత్త గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"చెప్తే పురుగులకి ఆకు ఎవురు తెచ్చేది అత్తా?"

ఆ మాటలో కోపం లేదు. అక్క లేచి నా వైపు తిరిగి, ఇన్నాళ్ళూ తెలియకుండా మోశావు, ఇప్పుడు తెలిసి మొయ్యి, నేను చెయ్యి వెయ్యను, పక్కనే ఉంటాను అంది.

నేను లేచాను. మేష్ట్రు నేర్పినట్టే పాదాలు ఎడంగా పెట్టి, నడుము వంచకుండా మోకాళ్ళు మడిచి కూర్చున్నాను. దుప్పటి ముడుల కింద వేళ్ళు దూర్చాను. అక్క మోపును ముట్టుకోలేదు. ఊపిరి తీసుకుని కాళ్ళతో నేలను తన్నాను. మోపు లేచింది. ఛాతీ దాకా వచ్చింది, ఇంకో ఊపుతో తలకెక్కింది. ఏమీ తెగలేదు. పురుగుల గదిలోకి పోయేదాకా ఏడవకుండా ఉన్నాను, తట్టల మధ్య నిలబడ్డాక ఏడ్చాను. అత్త వెనకే వచ్చి మోపు దించడానికి చెయ్యి వేసింది. ఆమె కళ్ళు నా మీద లేవు, కోడలి మీద ఉన్నాయి.

మేష్ట్రు అన్నట్టే మరుసటి ఏడు పోటీలకు పోయాను. పతకమేమీ రాలేదు గాని, పోవడమే నాకు చాలనిపించింది. ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్నాను. జబ్బు చేసో, ఆపరేషన్ అయ్యో తిరిగి వచ్చిన పిల్ల రాడ్డు ముందు బిగుసుకుపోతే, ఏమీ కాదులే అని నేను ఎప్పుడూ అనను. ఆ మాట డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది, రాడ్డు ముందు అది పనికిరాలేదు. డాక్టరు ఏమన్నారో అడుగుతాను, చేతికి ఉత్త కర్ర ఇస్తాను, రోజులు గడవనిస్తాను. తడబాటు లేకుండా ఎత్తేస్తున్న పిల్లలను కూడా ఒకసారి పక్కకు పిలిచి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడుగుతాను. ఎత్తుతున్నారు కదా, వాళ్ళకేం బాధ అని నా తోటివాళ్ళు అంటారు. అప్పుడు నాకు అక్క గుర్తొస్తుంది. తడిసిన గుడ్డతో ఆమె తోటకూ ఇంటికీ తిరిగిన ఆ వారం రోజులూ ఆమెను ఆ ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.