మందు వద్దంటే దిగులుపడ్డ మనిషి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నెల్లూరులో రక్తవ్యాధుల ఓపీలో నేను నర్సుని. మైపాడు నుంచి పోలయ్య గారని, అరవై దాటిన మనిషి, భార్య అంకమ్మతో వచ్చారు. కంటి ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో తెల్లకణాలు బాగా ఎక్కువగా కనిపించాయట. సి.ఎల్.ఎల్. అని తేలింది. నెమ్మదిగా పెరిగే రక్తక్యాన్సర్ అది. చాలామందికి ఏళ్ల తరబడి మందే అక్కర్లేదు, మూడు నెలలకోసారి పిలిచి చూస్తాం. దీన్నే వాచ్ అండ్ వెయిట్ అంటాం.

జాగ్రత్తలు చెప్పడం నా పని. నా నోరు మామూలుగానే కాస్త జోరు. "మందు మొదలయ్యేదాకా ఒళ్లు జాగ్రత్త. దెబ్బ తగలకూడదు, చీము పట్టకూడదు" అని గడగడా అప్పజెప్పాను. ఇద్దరూ తలూపారు.

ఆ తర్వాత రెండేళ్లు. డాక్టరు గారు "మందు అక్కర్లేదు" అంటే అందరూ దండం పెట్టి వెళ్తారు, ఈయన మొహం మాత్రం వాడిపోయేది. మందంటే ఇంత మోజేంటని ఆటపట్టించేదాన్ని కూడా.

ఒకరోజు ఆయనే అడిగారు. "అసలు లోపల ఏం జరగతా ఉండాది సిస్టరమ్మా?"

చెప్పాను. రక్తంలో బి-సెల్ అనే కాపలా కణం ఉంటుంది. దాని ఒంటిమీద రిసెప్టర్ ఉంటుంది. క్రిమి తగిలితే లోపలికి కబురు పంపడం దాని పని, అప్పుడే కణం పెరగాలి. ఈ జబ్బులో క్రిమి లేకపోయినా కబుర్లు పోతూనే ఉంటాయి, కణాలు చావకుండా పోగవుతాయి. అవసరమైనప్పుడు ఇచ్చే మాత్ర ఆ కబురును మధ్యలో ఆపుతుంది.

ఆయన అరచేతులు చూసుకున్నారు. "చేప పడకుండానే వల తాడు అదరతా ఉండాదన్నమాట. నాకూ అంతేనమ్మా. ఇంట్లో కూర్చోనున్నా చేతిలో తాడు అదిరినట్టే ఉంటాది. మందు మొదలుపెడితే గదా మళ్లా వేటకు పొయ్యేది."

"మీరే గదమ్మా చెప్పినారు, మందు మొదలయ్యేదాకా జాగ్రత్తని" అంది అంకమ్మ. "అందుకే నేను పడవ ఎక్కనీలా. పడవలు తిరిగొచ్చేదాకా ఒడ్డునే నిలబడుకోనుంటాడు."

లోపలికెళ్లి డాక్టరు గారిని అడిగాను.

"వేటకు వద్దని ఎవరన్నారు? ఓపికుంటే పోవచ్చు. గాయమైతే కడుక్కోవాలి, జ్వరమొస్తే వెంటనే రావాలి, అంతే."

"నేనేనండీ అన్నది" అన్నాను.

బయటికొచ్చి చెబితే పోలయ్య గారు కోప్పడలేదు. "రెండేళ్లు పొయినాయే" అన్నారు. తిట్టి ఉన్నా నాకు బాగుండేది.

తర్వాత వచ్చినప్పుడు అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి ఉన్నాయి. కడుగుతూ చీవాట్లు పెట్టాను. "మెత్తబడిపొయినాయమ్మా, మళ్లా కాయలు కాయాల" అన్నారు. ఆరోజు మందు అక్కర్లేదంటే మొదటిసారి నవ్వారు.

ఇప్పుడు జాగ్రత్తల చిట్టా విప్పేముందు, మీరు ఏం పని చేస్తారు, దేన్ని వదిలి ఉండలేరు అని అడుగుతున్నాను. ఆయన ఒడ్డున నిలబడి చూసిన ఆ రెండేళ్ల సముద్రాన్ని మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.