గాలి గడి ఖాళీగా ఉన్న రోజు

మొన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, జగిత్యాలలో మా వీధి చివరి మెకానిక్ దుకాణం ముందు, నాకు మనుమడి వరుసయ్యే ఇరవై నాలుగేళ్ల యువకుడు ఒక పాత బ్రిటిష్ మోటారు సైకిలును నిలబెట్టి, దాని ట్యాంకును తుడుస్తూ కనిపించాడు. పద్నాలుగు నెలలు శ్రమపడి ఎక్కడెక్కడి నుంచో విడిభాగాలు తెప్పించి దానికి ప్రాణం పోశాడట. వచ్చే నెల మరి నలుగురు మిత్రులతో కలిసి రాజస్థాన్ ఎడారిలో, రోడ్డనేది లేని ఇసుక దిబ్బల మీద నడపబోతున్నాడట.

"తాతా, నువ్వు గిసొంటి బండినే ఇసుకల నడిపినవంట గదా. టైర్ల ఎన్ని పౌండ్ల గాలి ఉంచాలె?" అని అడిగాడు.

పుస్తకం చూసి చెబుతానన్నాను. నాతో పరిచయమున్న వారికి ఈ జవాబు కొత్త కాదు. ఇంటికి వచ్చి, పాత నోటు పుస్తకాల కట్ట విప్పి, యాభై ఏళ్ల కిందటి ఆ మే నెల మంగళవారం పేజీ తీశాను. బయలుదేరిన సమయం, మీటరు అంకె, పోసిన పెట్రోలు, చేరిన సమయం అన్నీ ఉన్నాయి. వెనుక టైరులో గాలి ఎంత అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. నా పుస్తకాలన్నింటిలో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

అంకెల మీద నాకున్న నమ్మకం సిరిసిల్లలో మా నాన్న మగ్గం దగ్గర పుట్టింది. పడుగులో ఒక్క పోగు తప్పితే బట్ట పొడవునా గీత పడుతుందని, అందుకే లెక్క సరిపోయేదాకా ఆయన మగ్గం ఎక్కేవారు కారని, ఇంట్లో అందరికీ తెలుసు. ఆ అలవాటుతోనే ఇరవై అయిదేళ్ల వయసులో కోరుట్లలో ఒక ఆసుపత్రిలో కంపౌండరుగా చేరాను. మా మేనమామ మిలిటరీ వేలంలో కొని, మోకాళ్ల నొప్పుల వల్ల కిక్కు కొట్టలేక నాకిచ్చిన మూడు వందల యాభై సీసీల బ్రిటిష్ బండి అప్పటికే నా దగ్గర ఉండేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, మీటరు మైళ్లలో. దానితో వచ్చిన చిన్న పుస్తకంలో ముందు టైరుకు పదహారు, వెనుక టైరుకు ఇరవై పౌండ్లు అని ఉంటే, రోజూ ఉదయం కొలిచి సరిగ్గా అంతే ఉంచి, రాత్రి పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఆ మంగళవారం తొమ్మిదీ నలభైకి, మా వాడకట్టున తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసి కల్లు తీసే గౌడు ఒకాయన, కులాలు వేరైనా నేను మామా అని పిలిచే ఆయన, ఆసుపత్రిలోకి పరుగున వచ్చాడు. కబురు అందగానే చెట్టు దిగి వచ్చినందున నడుముకు కత్తి, భుజాన మోకు అట్లాగే ఉన్నాయి. తాడెక్కేటప్పుడు నడుమును, చెట్టును కలిపి చుట్టుకునే ఆ దళసరి తాడును ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. గంగ అవతలి ఊరికి ఇచ్చిన ఆయన బిడ్డను ఉదయం ఏడు గంటలకు, వాకిట్లో తునికాకు కట్టలు విప్పుతుండగా రక్తపింజర కరిచిందని, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నదని, ఆమె మరిది ఇసుకకు అడ్డంపడి నడిచి, ఇవతలి ఒడ్డున సైకిలు అడిగి తీసుకుని వచ్చి ఆయనకు చెప్పాడట. మా వైపు గోదావరిని గంగ అనే అంటాము.

డాక్టరు గారు ఆపరేషను మధ్యలో ఉన్నారు. గుమ్మం దగ్గరికే వచ్చి, రోగిని కదిలించవద్దని, కరిచిన ఆరు గంటల లోపల మందు ఎక్కించమని, విషానికి విరుగుడు మందు అయిదు సీసాలున్నాయని, ఆ అయిదూ తీసుకుపొమ్మని చెప్పి లోపలికి వెళ్లారు. అంటే ఒంటిగంట వరకు గడువు. వంతెన మీదుగా చుట్టి పోతే ఆ కంకర దారిలో నాలుగు గంటలకు తక్కువ పట్టదు. మల్లాపూర్ మీదుగా పోయి ఎండిన గంగను దాటితే గంటన్నర. తొమ్మిదీ యాభై రెండుకు బండి తీశాను. సీసాలను తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని మామ వెనుక కూర్చున్నాడు.

పదీ ముప్ఫై ఒకటికి ఒడ్డు చేరాము. ఎదురుగా ముప్పావు మైలు వెడల్పున తెల్లటి ఇసుక, గాలికి అలలు అలలుగా గడ్డకట్టి, కళ్లు తెరవనీయని ఎండలో మరుగుతున్నట్టు కదులుతున్నది. నేను ఇసుకలో అంతకుముందు నడపలేదు. మామ బండి దిగి, కాలితో ఇసుకను తన్ని చూశాడు.

"అల్లుడా, చక్రాలల్ల గాలి తియ్యి. ఇసుక లారీలోళ్లు గంగల దిగేముందు గదే జేస్తరు, నేను జూసిన."

"పుస్తకంల గట్ల లేదు మామా."

"గా పుస్తకం రాసినోడు గీ గంగ దాటిండా?"

వాదించే సమయం కాదని, ఇరవై అంటే ఇరవై అని, బండిని దింపాను. ఎంత కఠినంగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. కన్నబిడ్డ ప్రాణం అవతలి ఒడ్డున ఉన్న మనిషి నా మాట మీద ఎక్కి కూర్చున్నాడు.

నాలుగు వందల గజాలు కూడా పోలేదు. ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు తిరిగి, వెనుక చక్రం ఇరుసు దాకా దిగబడి, బండి మమ్మల్ని ఇద్దరినీ విసిరేసింది. ఒడిలోని మూటను మామ రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నా, మోచెయ్యి నేలకు తగిలినప్పుడు లోపల గాజు చిట్లిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. మూట విప్పితే అయిదింటిలో నాలుగే మిగిలాయి. నా గడియారంలో పదీ నలభై నాలుగు. ఆ నాలుగు సరిపోతాయో లేదో చెప్పే అంకె నా దగ్గర లేదు.

"నాలుగున్నయి గదా. లేపు బండి," అన్నాడు మామ.

చేతులతో ఇసుక తోడాము. గేరు వేసి యాక్సిలరేటరు తిప్పినకొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకున్నది. క్లచ్చు కాలిన వాసన, ఇంజను నుంచి సెగ, అరికాళ్ల కింద నిప్పు. ఇరవై మూడు నిమిషాలు అట్లా గడిచాయి. మామ అంతసేపూ గాలి మాట మళ్లీ ఎత్తలేదు, నా వైపు చూడనూ లేదు. పదకొండూ ఏడుకు నేనే వెనుక టైరు వాల్వు మూతి బిళ్ల విప్పి, "నువ్వే తియ్యి మామా," అన్నాను. గాలి కొలిచే కొలత గొట్టం జేబులోంచి తీయబోతే, ఆయన నా చెయ్యి పక్కకు నెట్టి, కత్తి మొనతో వాల్వును అదిమి గాలి వదులుతూ, మధ్యమధ్య బొటనవేలితో టైరును నొక్కి చూడసాగాడు. తాటికాయలో ముంజ లేతదా ముదిరిందా అని వేలు పెట్టి నొక్కి చూసే పద్ధతి అది.

"లేత ముంజ లెక్క కావాలె. గంతకన్న తీస్తే చెడ్తది," అని వాల్వు వదిలి, నా బొటనవేలినీ టైరు మీద పెట్టి నొక్కించి, ముందు టైరుకూ అట్లాగే చేశాడు.

చక్రం తేలింది గానీ గొయ్యి దాటలేదు. అప్పుడు ఆయన మూటను నా చొక్కాలో దోపి, భుజం మీది మోకు విప్పి, ఒక కొసను బండి ముందు చట్రానికి చుట్టి, రెండో కొసను తన నడుముకు చుట్టుకుని, తాడెక్కేవాడు వెనక్కి వాలినట్టు వాలి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి లాగాడు. నేను మొదటి గేరులో, యాక్సిలరేటరు పెంచకుండా, ఆయన అడుగుకు నా చక్రం సరిపెట్టాను. బండి గొయ్యి దాటిన తరువాత కూడా మెత్తటి చోట్ల రెండుసార్లు ఆయన అట్లాగే లాగాడు. మోకు సైలెన్సరుకు తగిలి పొగలు రావడం నేను చూశాను, ఆయనా చూశాడు, ఆగుదామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

పదకొండూ యాభై ఎనిమిదికి ఇల్లు చేరాము. ఆమె చెయ్యి భుజం దాకా వాచి నల్లబడింది. పక్కన తొమ్మిది నెలల పసివాడు పాలకు ఏడుస్తుంటే ఎవరో ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. పన్నెండూ పదికి మొదటి సీసా, ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు నాలుగోది. అయిదో సీసా కోసం నా చెయ్యి తనంత తానుగా మూటలోకి పోయి, గాజు పెంకులకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ తరువాత చేయడానికి ఏమీ లేక, పది నిమిషాలకు ఒకసారి నాడి లెక్కపెట్టి రాస్తూ కూర్చున్నాను. సీసా ఎట్లా పగిలిందని వియ్యపురాలు అడిగితే, తన చెయ్యి జారిందని మామ చెప్పాడు. నేను నాడి అంకె రాసుకుంటూ పోయాను. సాయంత్రం ఆరుంపావుకు చిగుళ్ల రక్తం ఆగింది. తెల్లవారి ఆమె మంచినీళ్లు అడిగింది.

మోకులో మూడో వంతు కాలిపోయింది. దాన్ని నమ్మి చెట్టెక్కడానికి లేదు. కొత్తది పేనుకునే దాకా పదకొండు రోజులు ఆయన తాడెక్కలేదు. గీత తప్పిన తాళ్లలో ఆ ఏటికి కల్లు ఎండిపోయింది. నేను ఏదో అనబోతే, "గంగనే ఎక్కినం గదరా, తాళ్లు యాడికి పోతయి," అని నవ్వాడు. ఇరవై పౌండ్ల సంగతి ఆయన బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఈ కాగితం మీద ఇదే మొదటిసారి.

ఆ పసివాడి కొడుకే మొన్న నన్ను గాలి సంగతి అడిగినవాడు. డెబ్బై ఒకటో ఏట ఉన్న వాళ్ల నానమ్మ ఇప్పటికీ ఎడమచేతి వేళ్లు పూర్తిగా ముడవలేదు. మేము దాటిన ఇసుకలో చాలా భాగాన్ని లారీలు మోసుకుపోయాయి, మిగిలినచోట తుమ్మపొదలు పెరిగాయి. ముంజలు ఒలిచి కవర్లో పెట్టి డజను లెక్కన అమ్ముతున్నారు గనుక, కాయలో వేలు పెట్టి నొక్కి చూసే పని నేటి పిల్లలకు పడటం లేదు.

నిన్న సాయంత్రం పుస్తకం చంకన పెట్టుకుని మళ్లీ దుకాణానికి పోయాను. దానిని విప్పకుండానే, వాడి బొటనవేలును నా బొటనవేలి పక్కన టైరు మీద పెట్టి నొక్కించి, రెండో చేత్తో వాల్వు అదిమి, గాలి కొంచెం కొంచెంగా వదిలాను. చాలన్న చోటును నా వేలు దానంతటదే గుర్తుపట్టింది. మీ ముత్తాత కొలత ఇదేనన్నాను. వాడు వెంటనే కొలత గొట్టం తగిలించి, అంకె చూసి, ఫోనులో రాసుకున్నాడు. అది ఎంతో నేను అడగలేదు.