రెండో బేస్ దగ్గర లింగన్న

మొన్న చెప్పుల దుకాణంలో కొత్త తోలు వాసన తగిలింది. వెంటనే సౌదీలో పనిచేసిన రాస్ తనూరా గుర్తొచ్చింది, లింగన్న గుర్తొచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి. పరంజా కింద నిలబడి నేను ఇటుకలు విసిరితే పైన ఒట్టి చేతులతో అందుకునేవాడు. ఇటుకతోపాటే చేతుల్ని వెనక్కి తీసుకునేవాడు గనుక చప్పుడయ్యేది కాదు.

కువైట్ యుద్ధం రాగానే అక్కడి చమురు కంపెనీలో పనిచేసే అమెరికా వాళ్లు చాలామంది ఇళ్లకు పోయారు. వాళ్ల బేస్‌బాల్ జట్టుకు మనుషులు తక్కువయ్యారు. జట్టు కెప్టెన్ మా సైటు ఇంజనీరే. లింగన్న చేతులు చూసి శుక్రవారం ఆటకు తీసుకుపోయి రెండో బేస్ దగ్గర నిలబెట్టాడు. మొదటి రోజు లింగన్న తోలు తొడుగు తీసి పక్కన పెట్టి, ఒట్టి చేత్తోనే బంతి పట్టాడు. అందరూ నవ్వారు. మరుసటి వారం ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్లకు పరంజా దింపి, ఆడటానికే జీతమిచ్చారు. ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులో, మాత్రం మేస్త్రీయే. "ఆడుకుంటే పైసలిస్తున్నరంటే మా అవ్వ నమ్మది తమ్మీ" అనేవాడు. ఆయన మా క్యాంపువాడని చెప్పుకుని మేమంతా రొమ్ము విరుచుకు తిరిగాం.

యుద్ధం ముగిశాక ఆ చోట ఆడే పాత మనిషి తిరిగొచ్చాడు. ఈ శుక్రవారం గెలిస్తే లింగన్న ఉంటాడు, ఓడితే మళ్లీ పరంజాయే అని కెప్టెన్ తేల్చేశాడు. ఆ ఆట చివర్లో ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు మాదే. బంతి దూసుకొచ్చింది. లింగన్న పక్కకు దూకి పట్టి, బోర్లా పడ్డాడు. అంపైర్ అవుట్ ఇచ్చాడు. మేము లేచి గంతులేస్తుండగానే లింగన్న గొంతు వినిపించింది: "జారింది!"

పరంజా మీద చేతిలోంచి ఇటుక జారితే ముందు అరవాలి, కిందివాడు తప్పుకోవాలి గనుక. ఆ అరుపు అలవాటే అనుకుందాం. కానీ అంపైర్ వచ్చి సైగ చేసి అడిగితే, బంతి నేలకు తగిలిందని దాన్ని నేలకానించి చూపించడం అలవాటు కాదు. అవుట్ రద్దయింది, అవతలివాళ్లకు పరుగులొచ్చాయి. మేము ఓడిపోయాం.

బస్సులో నేను ఊరుకోలేదు. "నోరు మూసుకుంటే ఏం పోతుండెనే అన్నా? ఎవడు చూసిండు?"

"రేపు పరంజా కింద నిలబడేది నువ్వే గదరా" అన్నాడు. "నా మాట నమ్మి నిలబడతవా మరి?"

తెల్లారి ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని ఎప్పటిలాగే పైకెక్కాడు. నాకే ఏడుపొచ్చింది.

తర్వాత నేనూ మేస్త్రీనయ్యాను. కట్టిన గోడ వంకరపోతే ఇంటాయన చూడకముందే నేనే పిలిచి చూపిస్తాను. అందువల్ల పోయిన పనులున్నాయి. పోనీ.