నాలుగు పేజీల ఆసుపత్రులు

బెంగళూరు నగర్తపేటలో మాది చిన్న జరీ పని షాపు. రెండేళ్ల కిందట ఆరోగ్య బీమా తీసుకుందామంటే మా ముందుకు రెండు పాలసీలు వచ్చాయి. ఒకదాని ఆసుపత్రుల జాబితా ఒకే పేజీ, రెండోదానిది నాలుగు పేజీలు. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా మావారి అన్నయ్యదే. ఆయన రెండు జాబితాలనూ చేతుల్లో తూచి, "నాలుగు పేజీలుండాయి చూడమ్మా, ఇంగ యోచనేల?" అన్నారు. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా నేను సంతకం చేశాను.

పోయిన వానాకాలం మావారు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు మా సందు చివరి ఆసుపత్రిలో. కౌంటర్లో అమ్మాయి మా కార్డు చూసి, "ఇది ఇక్కడ నడవదు మేడం" అంది. మా నాలుగు పేజీల నిండా అనంతపురం, హిందూపురం, కోలారు ఆసుపత్రులే! బెంగళూరుకు దగ్గర్లో ఉన్నది ఒక్కటే, అదీ ఊరి బయటెక్కడో జిగణిలో. గాజులు అమ్మి ఆపరేషన్ చేయించాను.

మర్నాడు బావగారు వార్డుకొచ్చి, "పోనీలేమ్మా, వాడు బాగుండాడు కదా" అన్నారు. అంతవరకూ ఆయన ముందు నేనెన్నడూ గొంతెత్తలేదు. ఆ జాబితా ఆయన చేతిలో కుక్కి, "మన పేట పేరు యాడుండాదో గట్టిగా చదవండి బావా" అని అరిచాను. వార్డంతా వింటుండగా చివరి పేరు దాకా చదివించాను.

ఆయన చదవడం ముగించారు. చివరి పేజీ అడుగున నా సంతకం మీద వేలు పెట్టి, "ఇది కూడా చదవల్లనామ్మా?" అన్నారు.

ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నేనూ.